అలసంద గింజలతో ప్రకృతి వరణం: నా అనుభవం

అనంతపురంలో నేను పనిచేసే జూనియర్ కళాశాలలో ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకు జన్యు పౌనఃపున్యం (జనాభాలో ఒక రకం జన్యువు ఎంత వంతు ఉందన్న లెక్క) పాఠాన్ని గింజలతో చేయించాను. పరిశీలనకు వచ్చిన అధికారి నిన్ననే దాన్ని చూసి వెళ్లారు కనుక, చిరాకు ఆరకముందే ఇది రాస్తున్నాను.

సామగ్రికి ఇబ్బంది లేదు. పాతూరు అంగళ్లలో ఎర్ర అలసందలు, తెల్ల అలసందలు కొని, ఒకే పరిమాణంలో ఉన్నవే ఏరుకోవాలి; లేకపోతే పిల్లల వేళ్లే గింజను గుర్తుపట్టి ఎంచుకుంటాయి. ప్రతి బృందానికీ గుడ్డసంచిలో రెండు రంగులవీ 50 చొప్పున ఇచ్చాను. ఒక్కో గింజ ఒక్కో జన్యువు అనుకుని, చూడకుండా రెండేసి తీస్తే ఒక్కో జంట ఒక్కో జీవి అవుతుంది. ఎరుపు బహిర్గతం, తెలుపు అంతర్గతం; అంటే జంటలో ఒక్క ఎర్ర గింజ ఉన్నా ఎరుపు లక్షణమే పైకి కనిపిస్తుంది. రెండూ తెల్లవైతే ఆ జీవి సంతానం కనకముందే చనిపోయినట్టు భావించి, ఆ జంటను పక్కన పెట్టి (ఇదే ఇక్కడ ప్రకృతి వరణం), మిగిలినవన్నీ మళ్లీ సంచిలో వేయాలి; అది ఒక తరం. సూత్రం ప్రకారం తెలుపు పౌనఃపున్యం 0.50 నుంచి 0.33కి, అక్కడి నుంచి 0.25కి, మూడో తరానికి 0.20కి తగ్గాలి.

ఒక బృందానికి మూడో తరంలో తెల్ల జంట ఒక్కటీ పడలేదు. పౌనఃపున్యం 0.25 దగ్గరే ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే ఆ అధికారి వాళ్ల బల్ల దగ్గర నిలబడి, "ఏమ్మా, పిల్లలతో వామనగుంటలు ఆడిస్తున్నావా? సూత్రానికి కుదరని లెక్కను రికార్డులో ఎట్లా రాయిస్తావు? దిద్దించు" అన్నారు, అదీ తరగతి అంతా వింటుండగా. హార్డీ, వైన్‌బర్గ్ 1908లో చెప్పిన సమతుల్యత (తరాలు మారినా జన్యు పౌనఃపున్యం మారకపోవడం) చాలా పెద్ద జనాభాకే వర్తిస్తుందని, గుప్పెడు గింజల్లో యాదృచ్ఛికత కూడా పౌనఃపున్యాన్ని మారుస్తుందని, దాన్నే జెనెటిక్ డ్రిఫ్ట్ అంటారని నేను చెప్పబోతే, ఆయన గడియారం చూసుకున్నారు. పాఠ్యపుస్తకంలో ఉన్న విషయాన్నే పిల్లల ముందు తప్పుగా తేల్చినవారికి, బోధన మీద మార్కులు వేసే అధికారం ఎవరిచ్చారో నాకు తెలియదు.

నేను దిద్దించలేదు. పైగా ఆ బృందంలోని అమ్మాయే లేచి, ఎర్ర గింజ చాటున ఉన్న తెల్ల గింజను వరణం తాకలేదని, అందుకే పది తరాలైనా తెలుపు సుమారు 0.08 దాకానే తగ్గుతుందని బోర్డు మీద లెక్క వేసి చూపించింది. నా దగ్గర చదివే పిల్ల కదా!

ఈ ప్రయోగం చేయించాలనుకునే ఉపాధ్యాయులు పరిశీలన ఉన్న రోజున మాత్రం దీన్ని పెట్టుకోకండి. ఆ రోజుకు గుండె పటం గీసి చూపిస్తే చాలు, వాళ్లు సంతోషిస్తారు. అన్ని బృందాల గింజలూ కలిపి లెక్కిస్తే మూడో తరంలో 0.20కి దగ్గరగానే వచ్చింది. ఆ పట్టికను నివేదికకు జతచేసి పంపాను.