బ్యాటిల్‌ఫీల్డ్ 6 కోసం పాత పీసీ: సెక్యూర్ బూట్ చివరికి దారికొచ్చింది

నిన్న రాత్రి విండోస్‌లో సిస్టమ్ వివరాలు చూపే ఎంఎస్‌ఇన్ఫో32 తెరిస్తే 'సెక్యూర్ బూట్ స్టేట్' పక్కన 'ఆన్' అని కనిపించింది! పీసీ లేచేటప్పుడు నమ్మదగిన సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే ఈ సెట్టింగు లేకపోతే బ్యాటిల్‌ఫీల్డ్ 6 గేమ్ ఆడనివ్వదు. ఇక గేమ్ విడుదలయ్యే 2025 అక్టోబర్ 10 ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటమే. ఆగస్టులో ఓపెన్ బీటా (విడుదలకి ముందు అందరికీ తెరిచిన ట్రయల్) నడిచిన రెండు వారాంతాలూ ఫ్రెండ్స్ కైరో వీధుల్లో ట్యాంకులు పేలుస్తుంటే, నేను బెంగళూరు మారతహళ్లి రూములో బయాస్ (పీసీ లేవగానే ముందుగా నడిచే, బోర్డులోని సెట్టింగుల ప్రోగ్రామ్) స్క్రీన్ ముందు కూర్చున్నాను. "ఏం బావా, ఇంకా లోపలికి రాలేదా?" అని హైదరాబాద్ నుంచి మెసేజ్ వచ్చినప్పుడల్లా ఒళ్లు మండిపోయేది.

హార్డ్‌వేర్‌తో గొడవేం లేదు. రైజెన్ 5 3600, ఆర్‌టీఎక్స్ 2060, 16 జీబీ ర్యామ్. కనీస అవసరాల జాబితాలో ఉన్న కార్డు సరిగ్గా ఈ 2060నే. దుమ్ము దులిపి ఆర్కిటిక్ ఎంఎక్స్-4 పేస్ట్ వేశాక ప్రాసెసర్ వేడి 86 డిగ్రీల నుంచి 74కి దిగింది. నా మటుకు ఈ ధరలో దాన్ని మించిన పేస్ట్ లేదు.

అసలు తలనొప్పి సెక్యూర్ బూట్. గేమ్ కంపెనీ ఈఏ వాళ్ల జావెలిన్ యాంటీచీట్‌కి (ఆటలో మోసం చేసేవాళ్లని పట్టే ప్రోగ్రామ్) అది ఆన్‌లో ఉండి తీరాలి. ఈ పీసీ 2019లో ఇక్కడి ఎస్పీ రోడ్డు కంప్యూటర్ షాపులో అసెంబుల్ చేయించింది. షాపువాళ్లు విండోస్‌ని పాత లెగసీ పద్ధతిలో, ఎంబీఆర్ (డిస్క్‌ని భాగాలు చేసే పాత పద్ధతి) డిస్క్ మీద వేసి, అలవాటుగా సీ, డీ, ఈ అని ముక్కలు చేసి ఇచ్చారు. సెక్యూర్ బూట్ కావాలంటే లెగసీ బదులు కొత్త బూట్ పద్ధతి యూఈఎఫ్ఐ, యూఈఎఫ్ఐ కావాలంటే ఎంబీఆర్ బదులు కొత్త విభజన పద్ధతి జీపీటీ ఉన్న డిస్క్. విండోస్‌లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ టూల్ డేటా పోకుండా మార్చేస్తుంది కానీ, డిస్క్‌లో ప్రైమరీ పార్టిషన్లు మూడుకి మించితే ఒప్పుకోదు. లోపల ఇంకొన్ని డ్రైవ్‌లు పెట్టుకునే ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ ఉన్నా ఒప్పుకోదు. నా డిస్క్‌లో 549 ఎంబీ సిస్టమ్ రిజర్వ్‌డ్, సీ, డీ, ఆపైన ఎక్స్‌టెండెడ్‌లో 'ఈ' డ్రైవ్. మార్చే ముందు డిస్క్ సరిపోతుందో లేదో చూసే వాలిడేట్ కొట్టగానే 'డిస్క్ లేఅవుట్ వాలిడేషన్ ఫెయిల్డ్'. 'ఈ' డ్రైవ్‌లో అక్క పెళ్లి వీడియోలే 180 జీబీ! అవన్నీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌కి ఎక్కించి, తెరిచి చూసుకుని, 'డీ', 'ఈ' డ్రైవ్‌లు రెండూ తీసేశాక కన్వర్షన్ నిమిషంలో అయిపోయింది.

బయాస్‌లో సీఎస్ఎం (పాత లెగసీ పద్ధతిని నడిపే సెట్టింగు) ఆపాను, విండోస్ లేచింది. సెక్యూర్ బూట్ 'ఎనేబుల్డ్' పెట్టాను. దాని కిందే చిన్న అక్షరాల్లో 'నాట్ యాక్టివ్' అని ఉంది. విండోస్‌లో చూస్తే 'ఆఫ్'. ఆపి, మళ్లీ ఆన్ చేసి, రీస్టార్ట్ చేసినా అదే.

మొదటి అనుమానం బయాస్ సెట్టింగులు నిలిపే, మదర్‌బోర్డు మీద సెల్. మల్టీమీటర్ పెడితే 2.98 వోల్టులు, బాగానే ఉంది. రెండోది గ్రాఫిక్స్ కార్డు ఫర్మ్‌వేర్. పక్క ఫ్లాట్ తమ్ముడి 3060 తెచ్చి పెట్టినా మార్పు లేదు. మూడోది పాత బయాస్. అప్‌డేట్ చేశాను, అయినా 'నాట్ యాక్టివ్'. అయితే అప్‌డేట్ వృథా పోలేదు. రైజెన్‌లో ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లోనే ఉండే భద్రతా ఫీచర్) ఆన్ చేస్తే గేమ్ మధ్యలో ఒక్కో క్షణం ఆగిపోయే జబ్బుకి ఏఎండీ 2022లో ఇచ్చిన మందు, ఏజీసా 1.2.0.7 అనే బయాస్ లోపలి కోడ్, అందులోనే వచ్చింది. బయాస్ అప్‌డేట్ చేస్తే సెట్టింగులన్నీ మొదటికొస్తాయి, సీఎస్ఎం మళ్లీ ఆపుకోవాలి.

అసలు కిటుకు అదే పేజీలో ఇంకో లైన్‌లో ఉంది: 'సిస్టమ్ మోడ్: సెటప్'. బోర్డులో ప్లాట్‌ఫామ్ కీ (సెక్యూర్ బూట్‌కి మూలమైన డిజిటల్ తాళంచెవి) లేదని దానర్థం. కీలు లేకపోతే ఎనేబుల్ అని ఎన్నిసార్లు నొక్కినా సెక్యూర్ బూట్ పని మొదలుపెట్టదు. కీలు ఎక్కించే 'రిస్టోర్ ఫ్యాక్టరీ కీస్' ఏమో మసకగా ఉండి నొక్కనివ్వదు. సీఎస్ఎం ఆపి, సేవ్ చేసి, రీస్టార్ట్ అయ్యాక మళ్లీ బయాస్‌లోకి వెళ్లి, మోడ్‌ని 'స్టాండర్డ్' నుంచి 'కస్టమ్'కి మార్చాలి. అప్పుడే ఆ బటన్ వెలుగుతుంది. నొక్కాక 'సేవ్ చేయకుండా రీసెట్ చేయాలా' అని అడిగితే 'నో' అని, ఎఫ్10తో సేవ్ చేయాలి. 'సెటప్' పోయి 'యూజర్' వచ్చింది, 'నాట్ యాక్టివ్' పోయి 'యాక్టివ్' వచ్చింది. ఈ ముక్క మాన్యువల్‌లో ఒక్క లైన్ రాసుంటే బీటా ఆడేవాణ్ని.

బీటా అయిపోయింది కాబట్టి పరీక్షకి ఈ సిరీస్‌లో ముందటి గేమ్ బ్యాటిల్‌ఫీల్డ్ 2042 పెట్టాను. దానికీ 2025లోనే సెక్యూర్ బూట్ తప్పనిసరి చేశారు. గొడవ చేయకుండా తెరుచుకుంది.

2042 మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు. 128 మంది ఆటగాళ్లు, క్లాసుల బదులు స్పెషలిస్టులనే పాత్రలు అంటూ సిరీస్ ప్రాణం తీసేశారు. 6లో అసాల్ట్, ఇంజనీర్, సపోర్ట్, రీకాన్ క్లాసులు తిరిగొచ్చాయి, 64 మంది చాలన్నారు. క్లాసుని బట్టే తుపాకులుండే క్లోజ్డ్ వెపన్స్ మోడే నాకిష్టం. స్నైపర్ పట్టుకున్నవాడి చేతిలో రాకెట్ లాంచర్ కూడా ఉంటే ట్యాంకు నడిపేవాడికి దిక్కెవరు? అన్నిటికంటే 2011 నాటి బ్యాటిల్‌ఫీల్డ్ 3 మ్యాప్ ఆపరేషన్ ఫైర్‌స్టార్మ్ మొదటి రోజే వస్తోంది. అనంతపురం నెట్ సెంటర్‌లో ఆ చమురు ట్యాంకుల మధ్య ఇంజనీర్‌గా పాకుతూ మైన్లు పెట్టినవాణ్ని. ఇప్పుడూ స్క్వాడ్‌లో ఇంజనీర్ సీటు నాదే.

కార్డు సంగతి లాంచ్ తర్వాతే. గేమ్ రికమెండెడ్ (సిఫారసు) జాబితాలో 3060 టీఐ, 6700 ఎక్స్‌టీ ఉన్నాయి. నా ఓటు 6700 ఎక్స్‌టీకి, దాని 12 జీబీ మెమరీ ఇంకొన్నేళ్లు లాగుతుంది. ఎస్పీ రోడ్డులో సెకండ్‌హ్యాండ్‌ది దొరికితే అక్కడికక్కడే అరగంట లోడు పెట్టి చూసి తీసుకోవాలి. ఈలోగా చెన్నైలో ఉన్న మామగాడి పీసీ చూడాలి. వాడిదీ లెగసీయే, పైగా డిస్క్‌లో ఎఫ్ డ్రైవ్ కూడా ఉందట. ఈ ఆదివారం దూరం నుంచే పీసీ నడిపే ఎనీడెస్క్‌లో పార్టిషన్ల వరకు చూసి, బయాస్ పని వీడియో కాల్‌లో చేయిస్తాను.