మొక్క పేరు అడగడానికి ముందు

కాణి వైద్యుల మూలికల మీద పరిశోధన చేస్తానని దరఖాస్తు పెట్టిన రోజు నుంచి, అడవిలో మొదటి కొమ్మను పాత పత్రికల మధ్య పెట్టి నొక్కిన రోజు వరకు పద్నాలుగు నెలలు పట్టింది. ఈ పని తలపెట్టిన విద్యార్థులు ఎవరు కలిసినా అనుమతుల గురించే అడుగుతారు. అందుకే నాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

తిరువనంతపురానికి తూర్పున, పశ్చిమ కనుమల దక్షిణ కొసన అగస్త్యమల కొండలున్నాయి. వాటిని కప్పిన వానల అడవిలో కాణి గిరిజనుల ఊళ్లు చెల్లాచెదురుగా ఉంటాయి. వారి వైద్యుడిని ప్లాత్తి అంటారు. మందు నూరి ఇచ్చేది ఆయనే, కొక్కర అనే ఇనుప వాద్యాన్ని గీరుతూ రోగి పక్కన కూర్చుని చాట్టుపాట్టు అనే వైద్యపు పాట పాడేదీ ఆయనే. మన పల్లెల్లో పసరు మందు ఇచ్చే పెద్దవారిలాగే, మందు గుట్టు బయటపడితే దాని గుణం పోతుందని నమ్మే ప్లాత్తులు అక్కడ కూడా ఉన్నారు.

ఈ కొండలకు శాస్త్ర ప్రపంచంలో పేరు తెచ్చింది ఆరోగ్యపచ్చ అనే మొక్క. 1987లో వృక్షశాస్త్రవేత్త పుష్పాంగదన్ బృందం ఈ అడవిలో నడుస్తూ అలసిపోయింది. దారి చూపే కాణి యువకులు మాత్రం ఏవో చిన్న కాయలు నములుతూ హుషారుగా సాగుతున్నారు. అవి ఆరోగ్యపచ్చ కాయలని ఎంతో బతిమాలితే గాని చెప్పలేదు. ఆ మొక్కతో తయారైన జీవని అనే మందు తయారీ హక్కును 1995లో ఒక ఔషధ సంస్థకు 10 లక్షల రూపాయలకు, అమ్మకాలపై 2 శాతం రాయల్టీకి ఇచ్చారు. వచ్చిన దానిలో సగం కాణీలకు చెందాలని నిర్ణయించి, 1997లో ఒక ట్రస్టు పెట్టారు. ఆదివాసుల జ్ఞానానికి ప్రతిఫలం దక్కిన తొలి ఉదాహరణల్లో ఒకటిగా దీన్ని మాకు తరగతిలో చెప్పారు. తమ తాతల మందును అలా అప్పగించడం ఇష్టంలేక ఎదురుచెప్పిన ప్లాత్తులు ఉన్నారని మాత్రం చెప్పలేదు. ఆ సంగతి నేను అడవికి వెళ్లాకే తెలుసుకున్నాను.

నేను చేసిన తప్పు వరుసలో ఉంది. ముందు విశ్వవిద్యాలయం, తర్వాత ప్రభుత్వ శాఖలు, అన్ని ముద్రలూ పడ్డాక చివరన ఊరు. ఊరుకూట్టం, అంటే ఊరి సభ, ఒక ఆదివారం ఉదయం జరిగింది. మలయాళంలో రాసుకెళ్లిన అంగీకార పత్రాన్ని చదివి వినిపించాను. ప్లాత్తి ఒక వారగా కూర్చుని బుట్ట అల్లడానికి ఈట వెదురును సన్నగా చీలుస్తున్నారు. గంటసేపు తల ఎత్తలేదు. సభ ముగుస్తుండగా ఒకే ప్రశ్న అడిగారు.

“మోళే (అమ్మాయీ), ఈ రోజు చెప్పిన మందును రేపు వద్దంటే, నీ పుస్తకంలోంచి తీసేస్తావా?”

పత్రంలో ఉన్నది వేరు. ఆయన ఎప్పుడైనా తప్పుకోవచ్చు, కానీ అప్పటిదాకా చెప్పిన సమాచారం నా దగ్గరే ఉంటుంది. ఆ వాక్యాన్ని నేనే రాశాను. అబద్ధం చెప్పలేక, తీయను అప్పూప్పా (తాతా) అన్నాను. ఆయన మళ్లీ ఈట చీల్చుకోసాగారు.

అప్పుడు తిరిగొచ్చి అటవీ హక్కుల చట్టం తెరిచాను. 2006 నాటి ఆ చట్టంలో మూడో సెక్షన్, జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద ఆ సముదాయానికే హక్కు ఉందని స్పష్టంగా చెబుతోంది. ఆ మాట దగ్గర పెట్టుకుని పత్రాన్ని తిరగరాశాను. సిద్ధాంత గ్రంథం సమర్పించే రోజు వరకు ఏ మందునైనా వెనక్కి తీసుకోవచ్చు. పాళ్లు, కలిపే వరుస అచ్చులో రావు. ప్రతి మందూ మలయాళంలో మరో నోటు పుస్తకంలో రాసి ఆయన ఇంట్లోనే ఉంచాలి. ఈ మార్పులకు అనుమతులు మళ్లీ మొదటి నుంచి తీసుకోవలసి వచ్చింది. నాలుగు నెలలు పోయాయి. నేను దానికి బాధపడటం లేదు. మొదటే ఊరికి వెళ్లి ఉంటే ఆ నాలుగు నెలలూ మిగిలేవి, అంతే.

రెండో సభలో ఆయన సంతకం పెట్టారు. మరునాడు తెల్లవారకముందే తలుపు తట్టి, కాళ్లకు పొగాకు నీళ్లు పూసుకోమన్నారు. జలగలకు.

ఆ నడకల్లో మరిచిపోలేనిది అమృతపాల. కొండ పైభాగాన, బండల పగుళ్లలో మాత్రమే పెరిగే అరుదైన మొక్క. ఆకు రావి ఆకులా ఉంటుంది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, పగులులోని మట్టిని వేళ్లతో ఒక పక్క నుంచే తీశారు. వేరు కనిపించగానే గోటితో గీరి నా ముక్కు దగ్గర పెట్టారు. ఒక్కసారిగా మా అనంతపురం వేసవి గుర్తుకొచ్చింది. బండి మీద గాజు సీసాలో నన్నారి షర్బత్, నిమ్మకాయ, ఐసు. అదే వాసన! షర్బత్‌కు మన సీమలో తవ్వే నన్నారి కొమ్ములూ ఈ అమృతపాలా ఒకే ప్రజాతి మొక్కలని ఆయనకు చెప్పాను. మా శేషాచలం కొండల్లో ఎక్కువగా తవ్వేయడం వల్ల ఆ తీగ తగ్గిపోతోందని కూడా చెప్పాను.

“తవ్వేవాళ్లు తల్లి వేరు వదలరా?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆయన ఒక్క వేలంత ముక్క కోసుకుని, తీసిన మట్టినంతా మళ్లీ పగులులోకి నెట్టి, దానిపై తడి నాచు కప్పారు. నాకు రెండు ఆకులున్న ఒక చిన్న కొమ్మ ఇచ్చారు. దుంప ఇవ్వలేదు, నేను అడగలేదు.

వానాకాలంలో మొక్కలు ఆరబెట్టడం పెద్ద యాతన. అద్దుడు కాగితాలు రోజుకు రెండుసార్లు మార్చినా మూడో రోజుకు బూజు పట్టేది. ప్లాత్తి భార్య చూసి, కట్టలన్నీ తీసుకెళ్లి పొయ్యి మీది అటక మీద పెట్టారు. మిరియాలు ఆరే చోటు అది. నా నమూనాలకు ఇప్పటికీ పొగ వాసన వస్తుంది.

ఏడు నెలల్లో 41 మందులు రాసుకున్నాను. గ్రంథం సమర్పించడానికి ఇరవై రోజుల ముందు, మాట ప్రకారం వెళ్లి ఒక్కొక్కటే చదివి వినిపించాను. ఆయన ఆరింటిని తీసేయమన్నారు. వాటిలో రెండు నా పరిశోధనకు ఆయువుపట్టులాంటివి. కారణం అడగలేదు. ఆ పేజీలు నా నోటు పుస్తకంలోంచి ఆయన ముందే చించి, ఆయన చేతికే ఇచ్చాను. మౌఖిక పరీక్షలో ఒక ఆచార్యులు, గ్రంథంలో ఆ మందుల చోట మిగిలిన ఖాళీ వరుసల గురించి గట్టిగానే అడిగారు. అంగీకార పత్రంలోని ఆ వాక్యం చదివి వినిపించాను.

ఇంట్లో ఉంచిన పుస్తకాన్ని ఇప్పుడు ఆయన మనవరాలు చూసుకుంటోంది. పదకొండో తరగతి చదువుతోంది. పోయిన నెల ఫోను చేసి, పదిహేడో పేజీలో నేను గీసిన ఆకు అంచు తప్పని చెప్పింది. నేను నున్నగా గీశాను, రంపపు పళ్లుండాలట. తాతయ్య కొమ్మ తెప్పించి చూపించారని, తనే దిద్దేసిందని చెప్పింది.