అవ్వ తలెలో ఏముంది?

మా అవ్వకు 78 ఏళ్లు. పరకాల దగ్గర మా ఊళ్లో ఒక్కతే ఉంటుంది. నేను హన్మకొండ నుంచి ఆదివారం ఆదివారం వెళ్లొస్తుంటాను. వెళ్లగానే "తిన్నవా అవ్వా?" అంటాను, "తిన్న బిడ్డా" అంటుంది. రెండేళ్లు ఆ మాటే నమ్మాం. ఈ సంక్రాంతికి చూస్తే చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. పాత రైకలన్నీ భుజాల మీద నిలవడం లేదు.

ఆ రాత్రి పక్కనే కూర్చుని తిన్నాను. చిన్నమ్మ కోడికూర పంపింది. అవ్వ ముక్కను నోట్లో అటూ ఇటూ తిప్పింది, రసం పీల్చింది, కొంగు చాటు చేసుకుని తీసి తలె అంచున పెట్టింది. అట్లా మూడు ముక్కలు. తర్వాత అన్నంలో పచ్చిపులుసు పోసుకుని, పిసికి, మింగేసింది.

"దవడ పండ్లు లెవ్వు బిడ్డా, ఎట్ల నమలాలె?"

ఇంతమందిమి ఉన్నాం, ఒక్కరమూ ఆమె నోట్లోకి చూడలేదు. వయసైంది, ఆకలి తగ్గింది అనుకున్నాం.

మర్నాడు తిన్నవన్నీ రాసిపెట్టాను. పొద్దున చాయ్, రెండు బిస్కెట్లు. పగలు అన్నం, మామిడికాయ తొక్కు. సాయంత్రం మళ్లీ చాయ్. రాత్రి అన్నం, పులుసు. జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. అవ్వ 42 కిలోలు, అంటే 35 గ్రాములు. వృద్ధులకు కండ కరగకుండా ఇంకొంచెం ఎక్కువే ఉండాలంటారు. ఆమెకు అందింది 20 కూడా లేదు, అదీ ఎక్కువగా బియ్యంలోదే.

నీళ్ల సంగతి తెలిశాక ఇంకా బాధేసింది. పొద్దుగూకాక చుక్క ముట్టదు. బాత్రూం పెరట్లో ఉంది, చీకట్లో బండ మీద జారిపడతానని భయం. ఈ వయసులో దాహం కూడా సరిగా తెలియదు. బీపీ గోలీ వేసుకుని, నీళ్లు తాగక, పొద్దున మంచం మీంచి దిగ్గున లేస్తే కళ్లు తిరగవా? రెండు నెలలుగా తిరుగుతున్నాయట. ఎవరికీ చెప్పలేదు.

ముందు పెరటి దారికి బల్బు పెట్టించి, పట్టుకోవడానికి గోడకు ఇనుప పైపు బిగించాం. పండ్ల డాక్టరుకు చూపించాం, కట్టుడు పళ్లకు కొలతలు తీసుకున్నారు. నెలనెలా వచ్చే సర్కారు పింఛన్‌లో గోలీలకు పోగా మిగిలింది మనవల చేతిలో పెడుతుంది, గుడ్లు కొనుక్కోమంటే వినదు. అందుకే నేనే తెచ్చి పక్కింటి వదినకు ఇస్తున్నాను. ఉడికిన గుడ్డు గొంతు పట్టుకుంటుందని టమాటా కూరలో కొట్టి, మెత్తగా కలిపి పెడుతుంది. పెసరపప్పు పాలకూర కూడా వెన్నలా మెదిపి ఇస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, అవ్వ తినేదాకా పక్కన కూర్చుంటుంది.

మా చేన్లన్నీ పత్తి అయ్యాక ఇంట్లో జొన్న గట్క లేదు. పోయినవారం జొన్నలు కొని రవ్వ పట్టించాను. సల్ల పోసి ఇస్తే గిన్నె ముందుకు జరిపి "ఇంకింత పొయ్యి" అంది.

తొక్కు జాడీ దగ్గరే ఆగిపోయాను. ఉప్పు బీపీకి మంచిది కాదని తెలుసు. కానీ వేలి కొసకు ఇంత అంటించుకుని, కళ్లు మూసుకుని నాకుతుంటే లాక్కోవడానికి చెయ్యి రాలేదు.