ఆ గ్యాసు ఎవరికి కావాలి? అంతర్రాష్ట్ర పైప్‌లైన్ విస్తరణ అనుమతుల గురించి

అంతర్రాష్ట్ర సహజవాయు పైప్‌లైన్ విస్తరణకు అనుమతి లభించిందన్న వార్త వ్యాపార పేజీలో ఒక మూలన రెండు మూడు వాక్యాల్లో ముగిసిపోతుంది. ఫలానా కంపెనీ దరఖాస్తు చేసింది, నియంత్రణ సంస్థ ఆమోదించింది, ఫలానా ఏడాదికి గ్యాసు అందుతుంది. ఆ వాక్యాల వెనక జరిగే పనే నా ఉద్యోగం. గచ్చిబౌలిలోని ఒక ఇంజనీరింగ్ సేవల కార్యాలయంలో కూర్చుని, అమెరికా పైప్‌లైన్ కంపెనీలు తమ ప్రభుత్వానికి సమర్పించే దరఖాస్తుల కోసం గ్యాసు ప్రవాహపు లెక్కలు కడుతుంటాను. ఇన్నేళ్లుగా ఆ కాగితాలు చదివిన తరువాత నాకు అర్థమైంది ఏమిటంటే, ఈ అనుమతి వ్యవహారం మొత్తంలో అన్నిటికన్నా విలువైన ప్రశ్న ఒక్కటే: ఈ అదనపు గ్యాసు ఎవరికి కావాలి, నిజంగా కావాలా? అమెరికాలో ఆ ప్రశ్న అడుగుతారు, కానీ సమాధానాన్ని చాలాసార్లు తేలికగా ఒప్పుకుంటారు. మన దగ్గర పొలం పోగొట్టుకునే మనిషికి ఆ ప్రశ్న అడిగే చోటే సరిగ్గా లేదు.

విస్తరణ అంటే కొత్త ఊళ్లకు కొత్త గొట్టం వేయడమని చాలామంది అనుకుంటారు. ఎక్కువ విస్తరణలు ఉన్న మార్గంలోనే జరుగుతాయి. గొట్టంలో గ్యాసు ముందుకు సాగేకొద్దీ రాపిడి వల్ల పీడనం తగ్గుతుంది. ప్రవాహాన్ని రెట్టింపు చేస్తే ఆ నష్టం, రెండు కొసల్లోని పీడనాల వర్గాల (స్క్వేర్ల) తేడాగా లెక్కించినప్పుడు, దాదాపు నాలుగు రెట్లవుతుంది. అందువల్ల పీడనం పడిపోయే చోట, గ్యాసును నొక్కి పీడనం పెంచే కొత్త కంప్రెసర్ స్టేషన్ కడతారు, లేదా ఉన్న స్టేషన్‌లో మరో యంత్రాన్ని చేరుస్తారు, లేదా పాత గొట్టం పక్కనే కొంత దూరం రెండో గొట్టం వేసి రెండు కొసలా పాతదానితో కలుపుతారు. ఈ చివరి పద్ధతిని మేము లూప్ వేయడం అంటాము. అదే వ్యాసం గల గొట్టంతో సగం దూరం లూప్ వేస్తే, రెండు కొసల్లోని పీడనాలను మార్చకుండానే, లైను సామర్థ్యం సుమారు నాలుగో వంతు పెరుగుతుంది. ఇంజనీరుకు ఇది చక్కని పరిష్కారం. ఆ సగం దూరంలో భూములున్నవారికి మాత్రం, ఎప్పుడో ఒకసారి తవ్వి పూడ్చిన పొలంలోకి యంత్రాలు మళ్లీ రావడం.

అమెరికాలో రాష్ట్రాల సరిహద్దులు దాటే గ్యాసు లైనును చెప్పుకోదగినంతగా విస్తరించాలంటే ఫెడరల్ ఎనర్జీ రెగ్యులేటరీ కమిషన్, క్లుప్తంగా ఫెర్క్, అనుమతి కావాలి. 1938 నాటి సహజవాయు చట్టంలోని 7వ సెక్షన్ కింద, ఈ నిర్మాణం ప్రజావసరమని ఫెర్క్ ధ్రువపత్రం ఇవ్వాలి. 1947లో చేసిన సవరణ వల్ల ఆ ధ్రువపత్రం చేతికి వచ్చిన కంపెనీ, భూయజమాని ఒప్పుకోకపోయినా కోర్టు ద్వారా భూమి మీద హక్కు తీసుకోగలదు. ఒక ప్రైవేటు కంపెనీకి ప్రభుత్వపు భూసేకరణ అధికారం దక్కుతుందన్న మాట. ఇంత బరువైన అధికారం ఇస్తున్నారు కాబట్టే దరఖాస్తు వేల పేజీలుంటుంది: మార్గపు పటాలు, ప్రవాహ చిత్రాలు, ఖర్చుల అంచనా, మార్కెట్ ఆధారాలు, నీరు, నేల, చేపలు, చెట్లు, శబ్దం, గాలి నాణ్యతల మీద వేర్వేరు నివేదికలు. 1970లో అమల్లోకి వచ్చిన జాతీయ పర్యావరణ విధాన చట్టం ప్రకారం ఫెర్క్ సిబ్బంది తమ సొంత పరిశీలనను కూడా రాసి ప్రచురించాలి. ఎవరైనా అభిప్రాయం పంపవచ్చు, కక్షిదారుగా చేరవచ్చు, ఆదేశం వెలువడిన ముప్పై రోజుల్లో పునర్విచారణ కోరవచ్చు, ఆ తరువాత అప్పీలు కోర్టుకు వెళ్లవచ్చు. భూయజమానులు తమ బావుల గురించీ పశువుల గురించీ రాసిన ఉత్తరాలు ఆ ఫైలులోనే, కంపెనీ న్యాయవాదులు రాసిన పత్రాల పక్కనే ఉంటాయి. హైదరాబాద్‌లో ఉన్న నేను కూడా వాటిని చదవగలను. ఈ ఒక్క విషయంలో ఆ వ్యవస్థ మీద నాకు నిండు గౌరవం ఉంది.

అవసరాన్ని తేల్చడం దగ్గర మాత్రం ఆ గౌరవం తగ్గుతుంది. 1999లో ఫెర్క్ ఒక విధాన ప్రకటన చేసింది. కొత్త నిర్మాణపు భారాన్ని పాత వినియోగదారుల మీద వేయకుండా కంపెనీ తన ఖర్చు తానే భరించగలగాలన్నది అందులో మొదటి షరతు. అవసరానికి రుజువుగా గిరాకీ అంచనాలు, మార్కెట్ అధ్యయనాలు, కొనుగోలుదారులతో ముందస్తు ఒప్పందాలు వంటివి చూపవచ్చని కూడా అందులో ఉంది. ఆచరణలో ఒప్పందాలే దాదాపు సర్వస్వం అయ్యాయి. ఒప్పందం ఉందంటే అవసరం ఉన్నట్టే అన్న ఈ తర్కం ఎంత పలచనైనదో సెయింట్ లూయిస్ నగరానికి గ్యాసు తెచ్చే స్పైర్ ఎస్‌టీఎల్ పైప్‌లైన్ వ్యవహారం చూపించింది. అక్కడ ఒప్పందం చేసుకున్న కొనుగోలుదారు ఒక్కరే, అదీ పైప్‌లైన్ కంపెనీకి సోదర సంస్థ. ఆ ప్రాంతంలో గ్యాసు గిరాకీ పెరగడం లేదు. అయినా 2018లో అనుమతి వచ్చింది. 2021 జూన్‌లో వాషింగ్టన్‌లోని అప్పీలు కోర్టు, ఇలాంటి ఒక్క ఒప్పందాన్ని పట్టుకుని అవసరాన్ని తేల్చడం చెల్లదని ఆ అనుమతిని రద్దు చేసింది. అప్పటికే గొట్టం భూమిలో ఉంది, గ్యాసు పారుతోంది, నగరం దాని మీద ఆధారపడింది. చలికాలంలో ఇళ్లు చల్లబడిపోతాయన్న భయంతో ఫెర్క్ తాత్కాలిక అనుమతి ఇచ్చింది, ఆ తరువాత 2022లో మళ్లీ ధ్రువపత్రమే ఇచ్చింది.

ఇంతకన్నా పెద్దది ట్రాన్స్‌కో వ్యవహారం. టెక్సాస్ నుంచి న్యూయార్క్ దాకా సాగే ఈ వ్యవస్థ పొడవు సుమారు 16,000 కిలోమీటర్లు. దీని మీద పెన్సిల్వేనియా, న్యూజెర్సీల మధ్య చేపట్టిన ఒక విస్తరణకు ఫెర్క్ 2023 జనవరిలో అనుమతి ఇచ్చింది. రోజుకు 8,29,000 డెకాథర్ముల (గ్యాసును అది ఇచ్చే వేడి లెక్కన కొలిచే ప్రమాణం) అదనపు సామర్థ్యం, మన కొలతలో సుమారు 2.3 కోట్ల ఘనపు మీటర్లు. అందుకోసం వేసిన కొత్త గొట్టం అరవై కిలోమీటర్ల లోపే; మిగతా పనంతా కంప్రెసర్లది. ఉన్న సామర్థ్యం తమకు సరిపోతుందని న్యూజెర్సీ ప్రభుత్వ సంస్థ చేయించిన అధ్యయనం చెబుతుంటే దానికి సరైన జవాబు చెప్పకుండా ఆమోదించారని 2024 జూలైలో అదే అప్పీలు కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. 2025 జనవరిలో ఫెర్క్ మరిన్ని కారణాలు రాసి ధ్రువపత్రాన్ని తిరిగి ఇచ్చింది. ఇక్కడా అంతే, తీర్పు వచ్చేనాటికి నిర్మాణం దాదాపు పూర్తయింది.

నన్ను కలవరపెట్టేది ఈ కాలక్రమమే. కోర్టు కారణం సరిపోలేదని చెప్పేసరికి ఇనుము భూమిలో ఉంటుంది, కాబట్టి కారణాన్నే తరువాత సరిదిద్దుతారు. పునర్విచారణ దరఖాస్తు పెండింగులో ఉండగా నిర్మాణం మొదలుపెట్టకూడదని 2020లో ఫెర్క్ ఒక నియమం తెచ్చింది. ఆలస్యం తగ్గించాలన్న వాదనతో 2025లో దాన్ని తొలగించింది. ఆలస్యం వల్ల కంపెనీలకు ఎంత నష్టమో మా కార్యాలయంలో రోజూ వింటాను, ఆ నష్టం నిజమైనదే. అయినా ఆ నియమం ఉండవలసిందని నా అభిప్రాయం. అడిగిన ప్రశ్నకు సమాధానం రాకముందే తవ్వేస్తే, అడిగే హక్కు కాగితం మీదే మిగులుతుంది.

మన దేశంలో ఈ బాధ్యత పెట్రోలియం, సహజవాయు నియంత్రణ బోర్డుది. 2006 నాటి చట్టం కింద ఏర్పడిన ఈ బోర్డు, గ్యాసు లైన్లు వేయడానికీ నడపడానికీ విస్తరించడానికీ 2008లో చేసిన నిబంధనల ప్రకారం అధికారపత్రాలు ఇస్తుంది, రవాణా టారిఫ్‌ను, అంటే గ్యాసును మోసినందుకు తీసుకునే రుసుమును, నిర్ణయిస్తుంది. లైను సామర్థ్యంలో నాలుగో వంతు ఇతరులకు వివక్ష లేకుండా అందుబాటులో ఉంచాలన్న నియమం నాకు చాలా నచ్చుతుంది. ఒక కంపెనీ గొట్టం ఆ కంపెనీ సొత్తుగానే మిగిలిపోకుండా అది ఆపుతుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఏకీకృత టారిఫ్ అమల్లోకి వచ్చి, వేర్వేరు కంపెనీల లైన్లను ఒకే జాతీయ వలగా లెక్కించడం మొదలైంది. గ్యాసు వనరులకు దూరంగా ఉన్న రాష్ట్రాలకు ఇది మేలు. అయితే దీనికి మరో వైపు ఉంది: ఖర్చులను కలిపి సగటు కట్టినప్పుడు, ఒక విస్తరణ భారం దాన్ని ఎన్నడూ వాడని వారి బిల్లులోకి కూడా కొంత చేరుతుంది. షామీర్‌పేటలోనో ఉప్పల్‌లోనో సీఎన్‌జీ బంకు ముందు వరుసలో నిలబడిన ఆటో డ్రైవరు కూడా దేశంలో ఎక్కడో వేసే లైనుకు ఎంతో కొంత చెల్లిస్తున్నట్టే. అలాంటప్పుడు ఆ లైను అవసరమా అని అడిగే హక్కు అతనికీ ఉంటుంది.

అవసరాన్ని ముందే గట్టిగా ప్రశ్నించకపోతే ఏమవుతుందో మన ప్రాంతమే చూసింది. కాకినాడ దగ్గరి గాడిమొగ నుంచి తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్రల మీదుగా గుజరాత్‌లోని భరూచ్ వరకు సుమారు 1,400 కిలోమీటర్ల లైను 2009లో పని ప్రారంభించింది. ఆ లైనుకు గ్యాసు ఇచ్చే, కృష్ణా-గోదావరి తీరపు సముద్రంలోని కేజీ-డి6 క్షేత్రంలో 2010లో రోజుకు ఆరు కోట్ల ఘనపు మీటర్ల దాకా వెళ్లిన ఉత్పత్తి కొద్ది సంవత్సరాల్లోనే నాలుగో వంతుకు పడిపోయింది. ఆ గ్యాసు మీద నమ్మకం ఇంకా మిగిలి ఉన్న 2011లోనే తూర్పు గోదావరి జిల్లా మల్లవరం నుంచి రాజస్థాన్‌లోని భిల్వాడా వరకు 1,800 కిలోమీటర్లకు పైబడిన మరో లైనుకు అధికారపత్రం ఇచ్చారు. అందులో మొదట పూర్తయింది కుంచనపల్లి నుంచి రామగుండం వరకు ఉన్న సుమారు 365 కిలోమీటర్ల భాగం. అక్కడికే ఎందుకు వచ్చిందంటే, రామగుండంలో గ్యాసుతో యూరియా తయారుచేసే ఎరువుల కర్మాగారం నిజమైన కొనుగోలుదారుగా నిలబడి ఉంది. 2021 నుంచి అక్కడ ఉత్పత్తి జరుగుతోంది, మన రైతులకే ఆ యూరియా అందుతోంది. కాబట్టి పైప్‌లైన్లు వద్దన్నది నా మాట కాదు. కొనేవాడు, అతనికి కావలసిన పరిమాణం, గ్యాసు వచ్చే చోటు, ఈ మూడూ కాగితం మీద కలిసినప్పుడు గొట్టం తన భూమి ఖర్చును సమర్థించుకుంటుంది.

భూమి సంగతి మన దగ్గర వేరే చట్టంలో ఉంది, అసలు చిక్కు అదే. 1962 నాటి పెట్రోలియం, ఖనిజ పైప్‌లైన్ల చట్టం ప్రకారం ప్రభుత్వం భూమిని కొనదు, దానిలో వినియోగ హక్కును మాత్రమే తీసుకుంటుంది. యాజమాన్యం రైతుదే, పంట వేసుకోవచ్చు. కానీ గొట్టం పోయే ఆ భూమి పట్టీలో ఇల్లు కట్టకూడదు, బావిగానీ చెరువుగానీ తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. దానికి చెల్లించేది నోటిఫికేషన్ నాటి మార్కెట్ విలువలో పది శాతం, పంటకూ చెట్లకూ జరిగిన నష్టం అదనం. హైదరాబాద్ చుట్టుపక్కల ఎకరం ధరలు పెరిగిన తీరు చూసినవారికి, ఈ పది శాతం ఏ కాలపు లెక్కో వేరే చెప్పనక్కర్లేదు.

ఉమ్మడి నల్లగొండ జిల్లాలో మా మేనమామ పొలం కిందుగా ఒక గ్యాస్ లైను పోతుంది. పక్కన మరో లైను వేయడానికి కొలతలు తీస్తున్నారని ఊళ్లో అనుకుంటున్నారట. నేను చేసే పని తెలుసు కాబట్టి ఆయన ఫోన్ చేసి అడిగారు: “అల్లుడూ, మన భూమి కిందికెళ్లి పోయే గ్యాసు ఎవలకు పోతది? మనకైతే ఇంకా సిలిండరే గదా.” నిబంధనలన్నీ తెలిసిన నేను ఆయనకు ఒక్క కాగితం పేరు చెప్పలేకపోయాను, ఎందుకంటే ఆ జవాబు రైతు చేతికి వచ్చే ఏ కాగితంలోనూ ఉండదు. గెజిట్ నోటిఫికేషన్‌లో సర్వే నంబర్లు ఉంటాయి, విస్తీర్ణం ఉంటుంది, ప్రజాప్రయోజనం కోసం అవసరమని భావించామన్న ఒక వాక్యం ఉంటుంది. ఇరవై ఒక్క రోజుల్లో అభ్యంతరం చెప్పవచ్చు, ఇందుకోసం ప్రభుత్వం నియమించిన అధికారి (కాంపిటెంట్ అథారిటీ) ఎదుట వినిపించుకోవచ్చు. ఆ అధికారి గట్టు జరపడం గురించీ పంట నష్టం గురించీ వినగలడు. ఈ లైను అవసరమా కాదా అన్నది ఆయన ముందున్న ప్రశ్న కాదు. ఆ ప్రశ్న అప్పటికే ఢిల్లీలో, బోర్డు వెబ్‌సైటులో, ఇంగ్లీషులో, ఏ సర్వే నంబరూ తెలియక ముందే ముగిసిపోయి ఉంటుంది. అవసరం తేలే చోట రైతు లేడు, రైతు ఉన్న చోట అవసరం మాటే రాదు.

పర్యావరణం విషయంలోనూ ఈ ఖాళీ ఉంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం జాతీయ ఉద్యానాలు, అభయారణ్యాలు, పగడపు దిబ్బలు, సున్నిత ప్రాంతాల గుండా వెళ్లే పైప్‌లైన్లకే ముందస్తు అనుమతి తప్పనిసరి. మామూలు పొలాల గుండా వెళ్లే లైనుకు ఆ పరిశీలన లేదు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాసు లైను పేలి ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. అది అభయారణ్యం కాదు, కొబ్బరి తోటల మధ్య ఉన్న ఊరు. పాత లైనుకు కొత్త గ్యాసు కలిపే ప్రతి విస్తరణ ఫైలులోనూ ఆ పాత గొట్టపు గోడ మందం, తుప్పు పరీక్షల ఫలితాలు ఊరివారికి అందే రూపంలో ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను.

మామయ్య కోసం బోర్డుకు సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు రాశాను. స్థానిక అధికార భాషలో అడిగే వీలు ఆ చట్టంలోనే ఉంది కాబట్టి తెలుగులోనే రాశాను. అందులో నాలుగు విషయాలు అడిగాము: ప్రస్తుత లైను నిర్ధారిత సామర్థ్యం ఎంత, అందులో ఇప్పుడు రోజూ వాడుతున్నది ఎంత, విస్తరణ కోసం ఒప్పందం చేసుకున్న కొనుగోలుదారులు ఎవరు, వారిలో పైప్‌లైన్ కంపెనీకి సంబంధించిన సంస్థలు ఉన్నాయా. సమాధానం వచ్చిన రోజున, మామయ్య ఒప్పుకుంటే, దాన్ని సర్వే నంబర్లు తీసేసి ఇక్కడ పెడతాను. మీ పొలంలో కూడా కొలతలు జరుగుతుంటే, ఇరవై ఒక్క రోజుల గడువు మొదలవకముందే ఇవే ప్రశ్నలు మీరూ పంపండి.