లక్షద్వీప్ పర్మిట్ కోసం స్టేషన్ చుట్టూ తిరిగిన నా అనుభవం

నిన్న సాయంత్రం లక్షద్వీప్ ఎంట్రీ పర్మిట్ వచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నా.

మాది గుంటూరు. జువాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నా. చచ్చిన పగడపు ముక్కల సందుల్లో బతికే ఆంఫిపాడ్‌ల మీద నా పని. ఇవి రొయ్యలకు దూరపు చుట్టాలు, చాలా వాటి పొడవు కొద్ది మిల్లీమీటర్లే.

దరఖాస్తు, ఫొటోలు, ఫీజు, గైడ్ లెటర్ తేలిగ్గానే అయిపోయాయి. పోలీస్ క్లియరెన్స్ దగ్గరే ఆగిపోయింది.

స్టేషన్‌లో కాగితాలు చూసే ఆయన "లక్షద్వీపా? ఎవరితో వెళ్తున్నావమ్మా?" అన్నాడు. రీసెర్చ్ కోసం, ఒక్కదాన్నే అన్నాను. "పురుగుల కోసం అంత దూరమా? మన సూర్యలంకలో దొరకవా?" అని అందరికీ వినపడేలా నవ్వాడు. బెంచీ మీద కూర్చున్నవాళ్లూ నవ్వారు. తర్వాత "మీ నాన్నగారిని తీసుకురా, ఆయన సరేనంటే చూద్దాం" అన్నాడు. నాకు ఇరవై ఏడేళ్లు. వాళ్లు తేల్చాల్సింది నా మీద కేసులున్నాయా లేవా అన్నది ఒక్కటే. ఆ మాటే అంటే ఫైలు పక్కన పడేశాడు. ఆ తర్వాత ఎప్పుడెళ్లినా "సార్ లేరు, రేపు రా."

సూర్యలంక ప్రశ్నకి జవాబుంది, వినే ఓపిక ఉంటే చెప్పేదాన్ని. అక్కడ ఉన్నది ఇసుక తీరం, పగడపు దిబ్బ కాదు. పైగా ఆంఫిపాడ్‌కి నీళ్లలో తేలుతూ తిరిగే లార్వా దశ లేదు. తల్లి పొట్ట కింది సంచిలో గుడ్లు పొదిగి, తన రూపంలోనే ఉన్న పిల్లల్ని వదులుతుంది. మరి కేరళ తీరానికి 200 నుంచి 440 కిలోమీటర్ల దూరంలో ఉన్న దీవులకు ఎలా చేరుతుంది? కొట్టుకొచ్చే నాచునో దుంగనో పట్టుకుని. సంచిలో పిల్లలున్న ఒక్క తల్లి చేరినా సంతతి మొదలవ్వచ్చు. దీనికి ఉదాహరణ, ఉత్తర అట్లాంటిక్‌లో రాకాల్ అనే ఒంటరి బండ. లార్వాలను నీళ్లలోకి వదిలే తీరపు నత్త అక్కడ లేదు, నేరుగా పిల్లల్ని కనే దాని దగ్గరి జాతి మాత్రం ఉంది. అలా చేరినవి బయటి వాటితో కలవకుండా ఉండిపోతే, కాలక్రమంలో వేరే జాతిగా మారే వీలుంది. చిన్నవాటిని వదలకుండా వెతికితే ఎన్ని దొరుకుతాయో పసిఫిక్‌లోని న్యూ కలెడోనియా దీవుల్లో తేలింది. 295 చదరపు కిలోమీటర్లలో 2,738 రకాల నత్తలు, ఆల్చిప్పల జాతులు! ఇవి నవ్వాల్సిన పురుగులా?

చివరికి పనిచేసింది ఒకటే. పై అధికారి ఉన్నప్పుడు వెళ్లి, "ఎందుకు ఆపారో రాసివ్వండి సార్" అని అడిగాను. ఆ రోజే సంతకం అయింది.

అమ్మాయిలకు చెప్తున్నా, నాన్నని తీసుకెళ్లకండి. అప్లికేషన్ నెంబర్ దగ్గర పెట్టుకోండి. జిరాక్స్ షాపాయన "నేను మాట్లాడతా" అంటే డబ్బులివ్వద్దు.

పర్మిట్‌తోనే శాంపిల్స్ తీయడం కుదరదు. గట్టి పగడాలన్నీ 1972 వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, అందుకే అటవీశాఖ అనుమతి కూడా అడుగుతున్నా. ఏ దీవిలో ఎంత తీస్తానో గ్రాములతో సహా రాస్తున్నా, ఇంకెవరూ వంక పెట్టకుండా.