తమ్ముడి కంట్లో ఎవరిదో కంటిపొర

హన్మకొండ చౌరస్తాలో బస్సు బోర్డు మీద ఒక్కో అక్షరానికి మూడు నీడలు కనిపిస్తున్నాయని తమ్ముడంటే, ఫోన్ తగ్గించురా అని తిట్టాను. అద్దాలు రెండుసార్లు మార్చాం, దండగ. కార్నియా స్కాన్ తీస్తే తేలింది, కెరటోకోనస్ అని. నల్లగుడ్డు మీది పొర, అదే కార్నియా, పలచబడి మొనదేలుతోందట. వాడికేమో చిన్నప్పటి నుంచీ పిడికిలితో కళ్లు నలిపే అలవాటు.

హైదరాబాద్‌లో చేసిన ఆపరేషన్ పేరు కెయిర్స్. చనిపోయినవాళ్లు దానమిచ్చిన కార్నియా నుంచి నెలవంకల్లాంటి సన్నని ముక్కలు కోసి, వీడి కార్నియా మందంలోనే లేజర్‌తో సొరంగంలా దారి చేసి అందులోకి జొనిపారు. అదే చోట ప్లాస్టిక్ రింగులు పెట్టే పద్ధతి ముందు నుంచీ ఉంది, ఈ దాత కణజాలం పద్ధతిని చెన్నై డాక్టర్ సూసన్ జాకబ్ 2018లో ప్రచురించారు. ఆకారం కుదురుతుంది కానీ అద్దాలు పూర్తిగా పోతాయనుకోకండి.

ఇప్పుడు వాడి చెయ్యి కంటి దాకా వెళ్తే చాలు, అమ్మ వంటింట్లోంచే "అరేయ్!" అంటుంది.