ఎన్నూరు క్రీక్‌లో గాలం: పద్నాలుగు ట్రిప్పుల లెక్క

పోయిన ఆదివారంతో ఎన్నూరు క్రీక్‌కి, అంటే చెన్నై పక్కనున్న ఉప్పునీటి పాయకి, పద్నాలుగు సార్లు వెళ్ళినట్టు. మొదటి తొమ్మిది సార్లలో చేతికొచ్చినవి నాలుగు జెల్లలు, ఒక పీత. ఆ తర్వాత ఐదింటిలో మూడు పండుగప్పలు, ఏడు జెల్లలు. మధ్యలో నేను రాడ్డు మార్చలేదు, ఎర మార్చలేదు. నీళ్ళు ఎప్పుడు ఎటు కదులుతున్నాయో నోట్‌బుక్‌లో రాసుకోవడం మొదలుపెట్టాను, అంతే.

చెన్నైలో ఉంటూ గాలం వేసే మనవాళ్ళు ఎక్కువగా ముట్టుకాడు వైపు వెళ్తారు. నాకు తొండియార్‌పేట నుంచి లోకల్ ట్రైన్‌లో ఎన్నూరే దగ్గర. మన నగరి ఏటి నీళ్ళు కొసస్తలై నదిలో కలిసి, చివరికి ఇక్కడే సముద్రం చేరతాయి. ఆంధ్ర వైపు నుంచి దిగే బకింగ్‌హామ్ కాలువ కూడా ఈ క్రీక్‌నే దాటుకుని వెళ్తుంది. లోపల వెడల్పుగా బురద, మడ చెట్లు. సముద్రం దగ్గర మొగ మాత్రం ఇరుకు.

ఆ ఇరుకే అసలు సంగతి. చెన్నై తీరంలో పోటుకీ పాటుకీ తేడా అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కూడా దాదాపు మీటరే. గుజరాత్‌లో ఖంభాత్ సింధుశాఖలో అది పది మీటర్ల దాకా ఉంటుంది. దాంతో పోలిస్తే మనది ఏపాటి అనుకున్నాను. కానీ అంత వెడల్పు క్రీక్‌లోకి నీళ్ళన్నీ ఒక్క సందులోంచి వచ్చి పోవాలి కాబట్టి మొగ దగ్గర ప్రవాహం కాలవలా పరిగెడుతుంది. ఎర అడుగున నిలవడానికి దారానికి 30 గ్రాముల సీసం కట్టి వేస్తే నిమిషంలో ఒడ్డుకి తోసేసింది. విదేశీ వీడియోల్లో చూసి తీగ కాళ్ళున్న 150 గ్రాముల సీసం కొన్నాను. ప్రవాహానికి ఆగింది కానీ బురదలో కూరుకుపోయి తిరిగి రాలేదు, రెండు పోయాయి. ఇప్పుడు రూపాయి బిళ్ళలా చదునుగా ఉండే 60 గ్రాములది వాడుతున్నాను. బురద మీద పరుచుకుని కూర్చుంటుంది, లాగితే లేస్తుంది.

ఆ పైన సెటప్ మామూలే. తొమ్మిదడుగుల రాడ్డు, 4000 సైజు రీలు, 30 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిక దారం). పండుగప్ప నోరు ఆకురాయిలా గరుకు, మొప్పల రేకు కత్తిలా ఉంటుంది, అందుకని చివర 40 పౌండ్ల లీడర్, అంటే తెగకుండా కట్టే గట్టి దారం, అరమీటరు. 3/0 సైజు సర్కిల్ హుక్‌కి (మొన లోపలికి వంగిన గాలం) జానెడు పైన చిన్న థర్మాకోల్ పూస గుచ్చితే ఎర బురదలో మునగకుండా తేలుతుంది. ఎర బతికున్న రొయ్య. తల లోపల నల్లగా కనిపించే మచ్చకి తగలకుండా, కొమ్ము కింద నుంచి గుచ్చాలి. ఆ మచ్చకి తగిలితే అక్కడికక్కడే చచ్చిపోతుంది. సరిగ్గా గుచ్చితే అరగంట కాళ్ళు ఆడిస్తూనే ఉంటుంది.

ఇక నోట్‌బుక్. పాడుబడిన వెదురు గుంజ ఒకటి నీళ్ళలో ఉంది. దానికి పదేసి సెంటీమీటర్లకి ఒక ఎర్ర టేపు చుట్టాను. పావుగంటకోసారి ఏ టేపు మునిగిందో రాసుకోవడం, కొబ్బరి పీచు ముక్క ఒకటి నీళ్ళలో వేసి పది అడుగులు వెళ్ళడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టడం. నాలుగు ట్రిప్పులు ఇదే పని. తేలింది ఏమిటంటే, చెన్నై పోర్టు పట్టికలో పోటు టైమ్‌కి నేను నిలబడే చోట ఇంకా నలభై నిమిషాలు నీళ్ళు పెరుగుతూనే ఉంటాయి. మట్టం ఆగిపోయాక కూడా పీచు ముక్క ఇంకో పావుగంట లోపలికే వెళ్తుంది! ఆ తర్వాతే నీళ్ళు వెనక్కి తిరుగుతాయి.

అమావాస్య మరునాడు పట్టికలో ఉదయం పోటు తొమ్మిది ప్రాంతంలో వచ్చింది. అంటే నా దగ్గర నీళ్ళు వెనక్కి తిరిగేసరికి పది. ఇన్నాళ్ళూ తెల్లారుజామునే వెళ్ళి, ఎండెక్కిందని తొమ్మిదిన్నరకి సర్దుకుని వచ్చేసేవాణ్ణి. పాటు మొదలైన గంటన్నరలో బురద గట్ల మీదున్న రొయ్యలూ చిన్న చేపలూ నీళ్ళతో పాటు జారి కాలవ అంచుకి వస్తాయి, పెద్ద చేప అక్కడ కాచుకుని ఉంటుంది. నా మూడు పండుగప్పలూ పదింబావుకీ పదకొండున్నరకీ మధ్యలో పడ్డవే. అష్టమి రోజుల్లో పీచు ముక్క కదలనే కదలదు, అప్పుడు వెళ్ళడం మానేశాను.

పదకొండో ట్రిప్పులో బురదలో మోకాలి దాకా దిగిపోయాను, అదీ పోటు ఎక్కుతున్నప్పుడు. కాలు లాగేకొద్దీ రెండోది దిగుతోంది. తడ వైపు నుంచి వచ్చి స్థిరపడిన పెద్దాయన ఒకరు వల సర్దుకుంటూ చూసి, "అబ్బయా, నిలబడబాక, వెనక్కి వాలు" అని అరిచాడు. వీపు మీద వాలి, బరువంతా పరిచి, కాళ్ళు ఒక్కోటీ మెల్లగా ఊపుతూ తీసుకున్నాను. చెప్పులు బురదలోనే పోయాయి. "మెరిసే బురద మీద కాలు పెట్టబాక. మడ వేర్లు ఉన్న చోట నడువు" అన్నాడాయన. అప్పటి నుంచి చేతిలో కర్ర లేకుండా దిగలేదు. ఆలిచిప్పలు కోస్తాయి కాబట్టి కాళ్ళకి పట్టీలున్న బూట్లు తప్పనిసరి.

అక్కడే ఆడవాళ్ళు నడుము లోతు నీళ్ళలో వంగి, తాటాకు బుట్ట పళ్ళతో పట్టుకుని, రెండు చేతులతో బురద తడుముతూ రొయ్యలు ఏరుతుంటారు. వాళ్ళు ఉన్న వైపు నేను గాలం విసరను.

జెల్ల పడితే చేత్తో పట్టుకోకండి. వీపు మీద ఒకటి, పక్కన రెండు ముళ్ళు ఉంటాయి. ఒకటి బొటనవేలికి దిగితే మోచేతి దాకా సలుపు. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో ఓ గంట పెడితే తగ్గింది. ఇప్పుడు ప్లయర్స్, ఫ్లాస్కులో వేడి నీళ్ళు సంచిలోనే ఉంటాయి.

పట్టినవి ఇంటికి తెచ్చుకోను. 2023 డిసెంబర్ వరదల్లో ఈ క్రీక్‌లోకి చమురు వచ్చింది, అంతకు ముందు నుంచే బూడిద పేరుకుంటోంది. పైగా పండుగప్ప మగదిగా పుట్టి, పెరిగాక ఆడదవుతుంది. అంటే పెద్దదాన్ని కోస్తే గుడ్లు పెట్టేదాన్ని కోసినట్టే. మూడోది 58 సెంటీమీటర్లు. తోక పట్టుకుని ప్రవాహానికి ఎదురుగా రెండు నిమిషాలు నీళ్ళలో ఉంచాను. మొప్పలు నాలుగుసార్లు తెరుచుకుని మూసుకున్నాయి, బంగారు రంగు కన్ను ఒకసారి తిరిగింది, తర్వాత చెయ్యి విదిలించుకుని వెళ్ళిపోయింది.

వానాకాలం తర్వాత మొగ దగ్గర ఇసుక మేట పక్కకి జరుగుతుంది, సందు ఇంకా ఇరుకైతే ఆ నలభై నిమిషాలు పెరగొచ్చు. గుంజ మీద కింది రెండు టేపులు ఊడిపోయాయి. వచ్చే పౌర్ణమికి ముందే వెళ్ళి కొత్తవి చుట్టి, లెక్క మళ్ళీ మొదటి నుంచి తీయాలి.